హరితపట సూత్రం: టీకా తాత్పర్యం

మూలం:
పచ్చ తుడుచుము, మనిషిని విడువుము, అంచు కాచుము, వెనుక వలసినది పెట్టుము.

అవతారిక: సూత్రకర్త ఫోటో స్టూడియో యజమాని. అతడి తండ్రి హయాంలో గోడకు తాజ్‌మహల్ బొమ్మ వేసిన తెర వేలాడేది. ఊళ్లో కొత్త జంటలన్నీ ఆ తాజ్‌మహల్ ముందే నిలబడ్డాయి. కొడుకు ఆ తెర దించి పచ్చగుడ్డ కట్టాడు. ఓణీల ఫంక్షన్ పిల్ల పొద్దున దాని ముందు నిలబడితే, ఆల్బమ్ చేతికొచ్చేసరికి స్విట్జర్లాండ్ మంచుకొండల మీద ఉంటుంది. ఎలాగన్న శంకకు సమాధానమే ఈ సూత్రం.

పచ్చ = ఆకుపచ్చ. పచ్చ అంటే పసుపు కూడా కదా, పచ్చకామెర్లు, పచ్చచామంతి అనడం లేదా అని పూర్వపక్షం. అది పొసగదు. కంప్యూటర్ లెక్కలో పసుపంటే ఎరుపు, ఆకుపచ్చల కలయిక. చామనఛాయైనా, దబ్బపండు ఛాయైనా మనిషి చర్మంలో ఎరుపుదే పైచేయి. పసుపు తుడవబోతే నలుగు పెట్టిన పెళ్లికూతురి మొహానికే ఎసరు. ఆకుపచ్చ ఒంటికి దూరం, కెమెరాకు మాత్రం దగ్గరి చుట్టం. కొడాక్ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్ 1976లో పేటెంట్ పొందిన అమరికలో ప్రతి నాలుగు గళ్లలో రెండు ఆకుపచ్చవే, ఎరుపుకొకటి, నీలానికొకటి. ఇప్పటి డిజిటల్ కెమెరాల్లో చాలావాటిది ఆ బాటే.

"నీలి తుడుచుము" అని పాఠాంతరం. ఇదే ప్రాచీనం. 1940 నాటి ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’లో లారీ బట్లర్ నీలి తెరతో ఈ విద్య చూపాడు, ఆ సినిమా ట్రిక్కులకు ఆస్కార్ వచ్చింది.

తుడుచుము = రబ్బరుతో చెరుపుట కాదు, లెక్క కట్టుట. ఫోటోలోని ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు, ఒక్కోటి 0 నుంచి 255 దాకా. గుడ్డ మీది చుక్క 60, 190, 70 అనుకుందాం. ఆకుపచ్చ మిగతా రెండింటిలో పెద్దదాన్ని 120 మించింది. కాబట్టి అది పోవలసిందే. చెంప మీది చుక్క 200, 150, 120 అయితే పచ్చకు ఆధిక్యం లేదు, చెంప బతికింది. మిగులు కొంచెమే ఉంటే ఆ చుక్క సగం కనబడి సగం కనబడదు. ఇలా రంగుల తేడాతో పనిచేసే పద్ధతిని పెట్రో వ్లాహోస్ ‘బెన్‌హర్’ (1959) కోసం ఫిల్ము మీదే సాధించాడు.

మనిషిని విడువుము = మనిషి జోలికి పోకుము. సూత్రం మొత్తంలో చిక్కంతా ఇక్కడే. ఆకుపచ్చను ఎంచుకున్నది అది ఒంటి మీద ఉండదని. తెలుగింటి శుభకార్యంలో ఉండేదే అది! చేతులకు పచ్చగాజులు, జడలో మల్లెల మధ్య మరువం, అరచేతిలో తమలపాకులు. సాఫ్ట్‌వేర్‌కు గుడ్డ పచ్చ, గాజు పచ్చ ఒకటే. దాంతో మణికట్టు చుట్టూ సందులు పడి అందులోంచి మంచుకొండ తొంగిచూస్తుంది. తాంబూలంలో ఆకులు మాయమై వక్కలు గాల్లో మిగులుతాయి. పరిహారం: ఆ పూటకు పాఠాంతరాన్ని ఆశ్రయించి నీలిగుడ్డ కట్టడం. అత్తగారు నెమలికంఠం రంగు పట్టుచీరలో దిగితే మళ్లీ మొదటికే వస్తుంది.

అంచు = వెంట్రుకలని భావం. జేపెగ్ ఫోటోల్లో వెలుగును పూర్తిగా దాచి, రంగును తరచుగా అడ్డంగా సగం, నిలువుగా సగం మాత్రమే దాస్తారు. అందుకే నుదుటి మీది ముంగురుల చుట్టూ పచ్చటి పొర మిగులుతుంది. ఇది చాలదన్నట్టు, గుడ్డ మీద పడిన వెలుగు తిరిగొచ్చి చెవులకూ భుజాలకూ పచ్చ పులుముతుంది. కాచుము అంటే, గుడ్డను ముడతల్లేకుండా ఇస్త్రీ చేసి, దానికి వేరే లైట్లు పెట్టి, మనిషిని ఐదారడుగులు ముందుకు జరపమని.

వెనుక వలసినది = కోరిన దృశ్యం. ఎండ కుడివైపు నుంచి కాసే కొండ ముందు, స్టూడియో లైటు ఎడమ చెంప మీద పడిన పిల్లను నిలబెడితే చూసేవారికి ఇట్టే తెలిసిపోతుంది.

తాత్పర్యం: పచ్చకు తావులేని మనిషిని పచ్చగుడ్డ ముందు, కాస్త ఎడంగా నిలబెట్టి, అంకెల తేడాతో గుడ్డను పోగొట్టి, వెలుగు కుదిరే దృశ్యాన్ని వెనుక చేర్చవలెనని.

విశేషం: "వలసినది" అన్న మాటకు ఒక అపవాదం ఉంది. అమెరికా పాస్‌పోర్టు ఫోటోకు వెనుక తెలుపో, దాదాపు తెలుపో ఉండాలి, ఆ తెలుపును సాఫ్ట్‌వేర్‌తో తెచ్చిపెట్టకూడదు. అక్కడ పుట్టిన పసిబిడ్డ కూర్చోలేడు కనుక, తెలుగు తల్లిదండ్రులు వాణ్ని తెల్లదుప్పటి మీద వెల్లకిలా పడుకోబెట్టి, పైనుంచి వంగి, తమ నీడ వాడి మీద పడకుండా ఫోను అటూ ఇటూ జరుపుతుంటారు.