కొట్టుగదిలో రాత్రి బస

చెట్టినాడు హెరిటేజ్ హోటల్ అంటే, ఊడ్చే దిక్కులేక వారసులు తాళం వేసిన ఇంటిని అతిథుల డబ్బుతో మళ్లీ తెరిపించే ఏర్పాటు. తమిళనాడులో కారైకుడి చుట్టుపక్కల ఇవి ఎక్కువ. కేంద్ర పర్యాటక శాఖ లెక్కలో 1950కి ముందు కట్టినదై, కనీసం అయిదు గదులుంటే హెరిటేజ్ హోదాకు పనికొస్తుంది. 1951లో గృహప్రవేశం చేసినవాడిది ఉత్త పాతిల్లు.

వీటిని కట్టించినవారు నాట్టుకోట్టై చెట్టియార్లు. బర్మా, సిలోన్, మలయాల్లో వడ్డీ వ్యాపారం చేసి, ఆ డబ్బుతో బర్మా టేకు స్తంభాలు, ఇటలీ చలువరాయి, బెల్జియం అద్దాలు సొంతూరికి చేర్చారు. 1942లో జపాన్ సేనలు బర్మాను ఆక్రమించాక అక్కడి వడ్డీ రావడం ఆగింది. ఇంటి ఖర్చు ఆగలేదు.

ఇల్లు ఈ వీధి నుంచి ఆ వీధి దాకా ఉంటుంది. ముందు అరుగు, వెనక పెరటి గుమ్మం, నడుమ ఒకదాని వెనక ఒకటిగా మండువాలు. మండువా చుట్టూ పెళ్లయిన కొడుక్కొకటి చొప్పున చిన్న గదులు. వాటిలో కోడలి సారె సామాను, అంటే ఇత్తడి బిందెలు, ఎనామిల్ క్యారియర్లు ఉండేవి; మనుషులు చాలావరకు బయట హాల్లోనే పడుకునేవారు. హోటలయ్యాక బిందెలు హాల్లోకి, మనుషులు గదుల్లోకి మారారు. బిందె మీద స్పాట్‌లైటు పడుతుంది. గదిలో పేపరు చదివేపాటి వెలుతురుండదు. ఆ చీకటి యాంబియెన్స్ పద్దు కింద బిల్లులో కలుస్తుంది.

గోడలకు సున్నంలో కోడిగుడ్డు సొన కలిపి, అద్దంలా మెరిసేదాకా రుద్దిన పూత ఉంటుంది. ఎంత చల్లగా ఉందో గైడు అతిథి చేత ముట్టించి మరీ చూపిస్తాడు. ఆ పక్కనే ఏసీ మోగుతూ ఉంటుంది. నేల మీద ఆత్తంగుడి బిళ్లలు. గాజుపలక మీద అచ్చు పెట్టి, గడుల్లో రంగు సిమెంటు పోసి, అచ్చు తీసి, పైన ఇసుక, సిమెంటు వేసి అదుముతారు. తర్వాత నీళ్లలో నానబెడతారు. బట్టీ అక్కర్లేదు. గాజు నునుపంతా బిళ్లకు దిగుతుంది, నడిచేకొద్దీ ఇంకా తేరుతుంది. అతిథులు దాని మీద తమ పాదాలకు ఫొటో తీసుకుంటారు. కట్టించిన చెట్టియారు పటం గోడకే వేలాడుతుంటుంది, ఆయన వైపు ఏ ఫోనూ తిరగదు.

మరమ్మతుకు కావలసిన స్తంభాలు, తలుపులు కారైకుడి పాతసామాను కొట్లలో దొరుకుతాయి. అక్కడికి అవి పక్క ఊళ్లలో కూల్చిన ఇలాంటి ఇళ్ల నుంచే వస్తాయి. వారసత్వ పరిరక్షణకు సరుకు కొరత లేదు.

వంట విషయానికొస్తే, మన ఊళ్లలో ఎర్రటి చెట్టినాడు చికెన్‌కు అలవాటుపడినవారు ఇక్కడి మిరియాల కూర తిని, ఇది అసలుది కాదని తేల్చేస్తారు.

ఇక యాజమాన్యం. ఇంటికి డజన్ల కొద్దీ వాటాదారులు. ఒకరు చెన్నైలో, ఒకరు సింగపూర్‌లో. గోడకు సున్నం కొట్టించాలన్నా అందరూ ఊఁ అనాలి. తరతరాలుగా కుదరని ఆ ఏకాభిప్రాయం లీజు కాగితం రాగానే కుదురుతుంది. ఆపైన పొంగల్‌కు వచ్చిన మనవడు రిసెప్షన్‌లో ఆధార్ చూపించి, రిజిస్టర్‌లో సంతకం పెట్టి లోపలికెళ్లాలి. తాతగారి గదే కావాలంటే ఇస్తారు, సీజన్ కాకపోతే.