ఒక ఆడుదోమ ఆత్మకథ

గోదావరీ తీరమున ఒక పట్టణపు మురుగుకాలువలో, శ్వాసనాళమును నీటిపైకి చాపి తలక్రిందుగా వ్రేలాడుచు నా బాల్యము గడచినది. నేను క్యూలెక్స్ జాతిదానను. ఱెక్కలు వచ్చిననాటినుండి నాకు దారి చూపుచున్నది గంధమే.

నా తలపైనున్న స్పర్శశృంగముల నావరించిన సన్నని రోమములకు కంటి కానరాని రంధ్రములు కలవు. గాలిలో తేలివచ్చు గంధాణువులు వానిగుండ లోనికి చొచ్చి అందలి నాడులను మేల్కొల్పును. నోటిప్రక్క స్పర్శాంగముల పని వేఱు: మీరు విడిచిన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును పసిగట్టుట వాని విధి. బయటిగాలిలో నూటికి 0.04 వంతు మాత్రమే యుండు ఆ వాయువు మీ నిశ్వాసమున 4 వంతుల వఱకు నుండును గనుక, చీకటిలో కదలక నిద్రించు మనిషి సైతము నాకు మఱుగుపడడు. ఆ జాడ తగిలినంతనే గాలికెదురుగ ఎగురుదును. తెగిపోయినచో అటునిటు అడ్డముగ తిరిగి మరల అందుకొందును. సమీపించిన కొలది చెమటలోని లాక్టిక్ ఆమ్లము, అమ్మోనియా, చర్మముపై సూక్ష్మజీవులు పుట్టించు ఇతరామ్లముల వాసన, దేహపు వెచ్చదనముతో కూడి నన్ను వాలవలసిన చోటికి చేర్చును.

ప్రక్కప్రక్కన పరున్న ఇద్దరిలో ఒకరినే దోమలు కుట్టిన, వారి రక్తము తీయనిదందురు. రక్తము చవిచూడకమున్నే మనిషి నెన్నుకొను మాకు ఆ తీపి యెట్లు తెలియును? న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2022లో ప్రకటించిన పరిశోధనలో, మా జ్ఞాతులగు ఈడిస్ దోమలు మిక్కిలి మక్కువ చూపినవారి చర్మమున కార్బాక్సిలిక్ ఆమ్లములు హెచ్చుగ నున్నట్లు తేలినది.

మా మగవారికి పూదేనె చాలును. నాకు మాత్రము గ్రుడ్లు పండుటకు రక్తములోని మాంసకృత్తులు కావలెను. ఆ గ్రుక్కతో బోదకాలు క్రిములు నాలో చేరి పెరిగి, మఱొకరిని కుట్టినప్పుడు వారి దేహమునకు ప్రాకుట నా బ్రతుకులోని ఘోరము.

కడుపు నిండినపిదప మనిషి వాసన నన్ను లాగదు. గ్రుడ్లు పండినంత కుళ్లిన నీటివాసన పిలుచును. నిలిచిన నీటిపై వందకు పైబడిన గ్రుడ్లను నిలువుగ పేర్చి తెప్ప కట్టుదును. ప్రతి గ్రుడ్డు కొనపై ఒక సూక్ష్మబిందువు పుట్టును. దాని పరిమళము నా జాతి తల్లులను అచ్చటికే రప్పించును. ఒక గుంట దోమలతో కిక్కిరియుట కిదియు నొక కారణము.

అయ్యలారా, అమ్మలారా! దోమతెర కట్టుకొనుడు, మందు పూసికొనుడు. కాని ఊపిరి నాపలేరు గదా! ఆపదగినది మురుగు నిలువ. కాలువను పారనిండు, మరుగుదొడ్డి గుంత గొట్టమునకు సన్నని వల కట్టుడు.