అద్దె నావ, సొంత వమనము

లాబ్రడార్ శీతలప్రవాహమును గల్ఫ్‌స్ట్రీమ్ ఉష్ణప్రవాహమును ఒకదానితో నొకటి ఢీకొను తావున, అనేక నౌకలను మ్రింగి ‘అట్లాంటిక్ శ్మశానవాటిక’ యని ప్రసిద్ధికెక్కిన అమెరికాదేశపు హట్టెరస్ అగ్రమునకు చేరువ రేవులలో, చిన్న పడవలకు వాతావరణశాఖవారు హెచ్చరిక చేసిన దినమున సైతము, తాము మానుకొన్నచో బయానా దక్కదను భయము తుఫానుభయమును జయింపగా, చెవివెనుక వాంతినివారక పట్టీ నంటించుకొని గాలపువేటకై అద్దెనావ నెక్కు శ్రీమంతుల సాహసము మిక్కిలి శ్లాఘనీయము. చేపలున్న తావెఱిగినవాడు సరంగు. ఎర గ్రుచ్చువాడు కళాసి. గాలమునకు మీనము తగిలిన పిమ్మట తిరుగుడుకుర్చీలో పట్టీలతో బిగింపబడి చక్రము త్రిప్పుట మాత్రము వీరి వంతు. (ఉదయఫలహారమును సముద్రార్పణము గావించుటయు వీరిదే, దానికి ప్రత్యేకరుసుము లేదు.) చేపతో పెనుగులాడునపుడు గాలపుకఱ్ఱను అన్యులెవ్వరును స్పృశింపరాదని 1939లో వెలసిన అంతర్జాతీయ గాలక్రీడాసంఘమువారి నిబంధన, స్పృశించినచో కీర్తి మైలపడును కాబోలు! ఇంత శ్రమించి పట్టిన మార్లిన్ మీనమును మరల నీటిలోనికి విడిచి, దాని కొలతల ప్రకారము ఫైబర్‌గ్లాసు ప్రతిమ నొకటి చేయించి హాలుగోడకు తగిలించుకొందురు. వమనమునకు ప్రతిమ చేయగల శిల్పి మాత్ర మింకను పుట్టలేదు.