ఆప్తుల నడుమ నాస్తికుడు

దేవుడు లేడని తలచువానికి దేవునివలన బాధ యేమియు కలుగదు. కలుగు బాధ యంతయు బంధువులవలననే. పరాయివాడు మతబోధకు వచ్చినచో తలుపు వేసికొనవచ్చును, ఓపిక యున్నచో వాదమునకు దిగి వాని నోరు మూయింపనువచ్చును. కాని పసితనమున మనలను చంకనెత్తుకొని తిరిగిన మేనత్తయో, మన పెండ్లికి అప్పు చేసి చదివింపులు చదివించిన బావయో, తన కంచములోని ముద్ద మనకు పెట్టిన అక్కయో మన పరలోకమును గూర్చి కన్నీరు పెట్టుకొనుచుండగా తలుపు వేయుటకు చేతులు రావు, వాదించుటకు నోరు పెగలదు. ఈ మువ్వురును నాకు కలరు. సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ పట్టణములను తమలో తాము పంచుకొని, నేను ఏ దిక్కునకు బస్సెక్కినను ఒక మోక్షమార్గము నాకు ఎదురగునట్లు కాపురములు పెట్టియున్నారు.

సూర్యాపేటలోని మేనత్త సంగతి ముందుగా చెప్పవలెను, ఏలయన ఆమె తర్కమునకు నాయొద్ద నేటికిని సమాధానము లేదు. పట్టణమునకు చేరువనే, రహదారి ప్రక్కన, దురాజుపల్లి గట్టుమీద లింగమంతులస్వామి వెలసియున్నాడు. రెండేండ్లకొకమారు మాఘమాసమున జరుగు ఆ పెద్దగట్టు జాతరను, మేడారము తరువాత తెలంగాణమున ఇదియే పెద్దదని చెప్పుకొందురు. “ఓ లింగా” యను కేకలతో గట్టు మారుమ్రోగు ఆ దినములలో హైదరాబాదునుండి విజయవాడకు పోవు లారీలను, బస్సులను పోలీసులు వేరు దారులకు మళ్లింతురు; మా అత్తను మళ్లించుట మాత్రము ఏ పోలీసునకును సాధ్యము కాలేదు. నేను పసివాడనై యుండగా జ్వరముతో కన్ను తెరువనప్పుడు ఆమె నా పేర గట్టుకు యాటను మొక్కుకొన్నదట. డాక్టరు సూది కూడ వేసెను గాని, ఆ ఘట్టము ఆమె చెప్పు చరిత్రలో లేదు.

“నాకు నమ్మకం లేదత్తా” అని ఒకసారి ధైర్యము చేసి అంటిని.

“నీకెందుకురా నమ్మకం? మొక్కింది నేను. నేను నమ్మితేనే నీ జ్వరం పోయింది. నువ్వు ఊకె వచ్చి నిలబడు, చాలు.”

చార్వాకులు మొదలుకొని నేటి హేతువాదులవరకు ఎవ్వరును ఈ వాదమును ఖండించినట్లు నేను చదువలేదు. భక్తుడు వేరు, ఫలము ననుభవించువాడు వేరు అయినప్పుడు, ఫలమును అనుభవించి ఇంత కాలము బ్రదికియున్న వాని అభిప్రాయమును అడుగువారెవరు? కావున పోయి నిలబడుచున్నాను. గట్టుమీద స్వామిది శాకాహారము, అచ్చటనే వెలసిన చౌడమ్మతల్లిది మాంసాహారము. గట్టు క్రింద రాళ్లపొయ్యిమీద ఉడుకుచున్న యాటకూర వాసన తగిలినప్పుడు, ఈ యేర్పాటు చేసిన పూర్వులయందు నాకు గల గౌరవము ఏ ఆస్తికునికిని తీసిపోదు.

మిర్యాలగూడ బావగారిది వేరు మార్గము, ఆయన ప్రత్యక్షప్రమాణవాది. నాగార్జునసాగరపు నీరు 1967లో కాలువలకు వదలినది మొదలు ఆ ప్రాంతమంతయు మాగాణియై, మాగాణి వెంట రైసుమిల్లులు మొలచినవి. అందులో ఒక మిల్లు మా బావది. ధాన్యపు ట్రాక్టరు గేటులోనికి వచ్చినప్పుడు ఆయనను చూడవలెను. రైతు ఒట్టు పెట్టుకొన్నను వినడు, తెలిసినవాడైనను వినడు. బస్తాలో చేయి పెట్టి లోతునుండి గుప్పెడు తీసి, తేమ మీటరులో పోసి, అంకె పదునేడు దాటినచో తల అడ్డముగా ఊపును. ఈ భూమండలముమీద ఇంతటి సంశయాత్ముని నేను ఎరుగను. అట్టి మహానుభావుడు నా అవిశ్వాసమును చూచి తల్లడిల్లి, ఒక కార్తికమాసమున నన్ను కారులో కూర్చుండబెట్టుకొని, కృష్ణలో మూసీ కలియుచోటనున్న వాడపల్లికి తీసికొనిపోయెను.

వాడపల్లి లక్ష్మీనరసింహస్వామి సన్నిధిలో రెండు దీపములుండును. క్రింది దీపము నిశ్చలముగా వెలుగును. స్వామి ముక్కు ఎత్తున నున్న దీపము మాత్రము సన్నగా ఊగుచుండును. అది స్వామి ఉచ్ఛ్వాస నిశ్వాసములచేత నని భక్తుల విశ్వాసము. మా వెనుక వరుస పెరుగుచుండగా, చెమటలు కారు ఆ ఇరుకుచోట, బావ నా భుజము పట్టుకొని విచారణ ప్రారంభించెను.

“చూసినవా బామ్మర్దీ?”

“చూసిన బావా.”

“పైది కదులుతుందా?”

“కదులుతుంది.”

“కిందిది?”

“కదలట్లేదు.”

“మరి?”

“గాలి బావా.”

“ఎవరి గాలి?”

వేడెక్కిన గాలి పైకి పోవుటను గూర్చి బడిలో చదివినదంతయు నాకు జ్ఞప్తికి వచ్చినది గాని, గర్భగుడి గడపయొద్ద, అరటిపండ్లు పట్టుకొన్న ముత్తైదువుల నడుమ, దానిని ఉపన్యసించుట యెట్లు? “జరగండి, జరగండి” అని అర్చకస్వామి అరచి నన్ను ఉద్ధరించెను. తిరుగు దారిలో నేనును ఊరకుండక, “రైతు మాట నమ్మక మీటరు పెడతవు, మరి ఇక్కడ మీటరేది బావా?” అని అడిగితిని. బావ స్టీరింగు వదలకుండనే, “రైతు మనిషి బామ్మర్దీ, ఆశ ఉంటది, ఒక పాయింటు తక్కువ చెప్తడు. దేవునికేం ఆశ?” అనెను. హుండీ మాట నా నాలుక చివరిదాక వచ్చినది. కాని నన్ను ఇంటివద్ద దింపవలసిన కారు ఆయనదే గనుక మ్రింగితిని.

కోదాడ అక్క ఒక పెద్ద జబ్బునుండి కోలుకొన్న పిమ్మట ప్రభువును అంగీకరించినది. నాటినుండి ప్రతి ఉదయము నా ఫోనుకు ఒక వాక్యము, గులాబీపూవు బొమ్మతో సహా, తప్పక వచ్చుచున్నది. ఆమె యింటికి పోయినప్పుడెల్ల పాస్టరుగారు భోజనమునకు రావడము కాకతాళీయమని మొదట అనుకొంటిని. పులావు గిన్నె మూత తీసిన తరువాత ఆయన కన్నులు మూసికొని ప్రార్థన ప్రారంభించును. దేశమును, రాష్ట్రమును, మండలమును దీవించి, ఆసుపత్రులలోని రోగులను ఒక్కొక్కరిని పరామర్శించి, చివరకు నాయొద్దకు వచ్చి, “ఈ కుమారుని హృదయకాఠిన్యమును కరిగింపుము తండ్రీ” అని గద్గదస్వరముతో వేడుకొనును. హృదయము సంగతి యెట్లున్నను ఆ లోపల నేయి గడ్డకట్టును. అందరును కన్నులు మూసికొన్న ఆ వేళ తెరచియుండునవి రెండు జతలు మాత్రమే: నావి, కోడిముక్క మీద నిలిపిన నా మేనల్లునివి. మేమిద్దరమును ఒకరి నొకరము పట్టియిచ్చుకొనలేదు.

ఆ పాస్టరుగారే ఒకనాడు నా వ్యాసమొకటి చదివి, “అయ్యా, మీరు రాసేది అచ్చం బైబిలు భాష. ‘ఏలయనగా’ అని ఇప్పుడు రాసేది మీరూ మా గ్రంథమే. ఇంక ఎంత దూరముందండీ?” అని నవ్వెను. నా శైలిని మెచ్చుకొన్న పాఠకుడు ఈ జిల్లాలో ఆయన ఒక్కడే యగుటవలన నేను కొంత చలించితినని ఒప్పుకొనవలెను. కాని నన్ను నిజముగా చలింపజేసినది అక్క మాట. చేయి కడుగుకొనుచుండగా తువ్వాలు అందించుచు, “అందరం అక్కడ ఒక్కచోట ఉండాలి తమ్ముడూ. నువ్వొక్కడివి లేకుంటే నాకక్కడ ఏం బాగుంటది?” అన్నది. నరకమును గూర్చిన బెదిరింపునకైతే బదులు చెప్పవచ్చును, దీనికేమి చెప్పుదును? పైగా అక్క చెప్పు చోట మేనత్తకు ప్రవేశము లేదు, మేనత్త పోవుచోటికి అక్క రాదు. నేను ఎటు చేరినను ఒకరి దుఃఖమునకు కారణమగుట తప్పదు.

ఇందులో వింత యేమనగా, ఈ మువ్వురును ఒకరినొకరు మార్చుటకు ఎన్నడును పూనుకొనరు. పెండ్లిండ్లలో కలిసికొని, ఒకే బంతిని కూర్చుండి, నా గతి యేమగునని ఏకకంఠముగా విచారింతురు. మతము గలవాడు వారి దృష్టిలో ఇల్లు కట్టుకొన్నవాడు. నేను ప్రహరీ లేని ఖాళీ ప్లాటును, ఎవరు ముందు పునాది తీసిన వారిది. రాజ్యాంగములోని 25వ అధికరణము అంతరాత్మస్వేచ్ఛను ప్రసాదించినదనియు, జనన ధ్రువపత్రపు దరఖాస్తులో ‘మతము లేదు, కులము లేదు’ అను గడి యుండవలెనని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పినదనియు నేను విన్నవించితిని. మా బంధువర్గము హైకోర్టు అధికారపరిధిలోనికి రాదని తేలినది. 2011 జనాభా లెక్కలలో నాస్తికులమని వ్రాయించుకొన్నవారు దేశమంతటను సుమారు 33 వేలు; పెద్దగట్టు జనములో కలిసినచో మేము కనబడనైనను కనబడము. అందులోనైన నేను లేను. లెక్కలవారు వచ్చినప్పుడు నేను స్నానముచేయుచుంటిని. తలుపు తీసి కేక వేయునంతలో, “హిందువులమే, రాసుకోండి” అని మా యావిడ సంతకము పెట్టి పంపివేసినది.

నాస్తికులు మాత్రము తక్కువ తిన్నారా? రామాయణమున జాబాలి చేసిన దేమి? అడవికి వచ్చిన రామునితో పరలోకము లేదు, పితృకార్యములు వృథా, వెనుకకు వచ్చి రాజ్యమేలుకొమ్మని నాస్తికవాదము చెప్పి, రాముడు కోపింపగా, నిన్ను మరలింపవలెనని అట్లంటిని గాని నేను నాస్తికుడను కానని సర్దుకొనెను. ప్రేమచేత మతము మార్చబూనుట మా పక్షమునను అంత పాతది. మా జాబాలి మా పెదనాన్న. సాయుధపోరాటపు దినములను సూర్యాపేట తాలూకాలో కన్నులార చూచిన వృద్ధుడు. ఆయన దృష్టిలో నేను ఆస్తికులకన్న ప్రమాదకారిని. “ప్రసాదం తినేటోడు నాస్తికుడెట్లయితడురా?” అని గర్జించి, నేను పోవునప్పుడెల్ల కరపత్రముల కట్ట చేతిలో పెట్టును. ఆ గర్జన జరుగు గదిలోనే గోడమీది మార్క్సు పటము ముందు మా పెద్దమ్మ, అలవాటు చొప్పున, అగరువత్తి వెలిగించి పోవుచుండును.

పెదనాన్న నాకు ఆదర్శముగా చూపునది గోరాను. కోదాడ దాటి అదే రహదారిపై తూర్పునకు పోయినచో విజయవాడ పటమటలో నాస్తిక కేంద్రము కలదు. గోరా యనబడు గోపరాజు రామచంద్రరావు దానిని 1940లో ముదునూరులో నెలకొల్పి, 1947లో అక్కడికి తరలించెను. కొడుకులకు దేవుళ్ల పేర్లు మాని, ఉప్పు సత్యాగ్రహమునాటి బిడ్డకు లవణమనియు, యుద్ధమునాటి బిడ్డకు సమరమనియు పేర్లిడిన ఘటము. అట్టివాడు పోయి కలిసినది ఎవరిని? ప్రార్థన లేనిదే ప్రొద్దు గడువని గాంధీని. ఈ మొండివాని కుమార్తె పెండ్లి సేవాగ్రాములో దేవుని పేరెత్తకుండ జరుగుటకు ఆ మొండివాడు సమ్మతించెను; పెండ్లి 1948 మార్చిలో జరుగునప్పటికి ఆయనయే లేకపోయెను. వారి సంభాషణల పుస్తకమును 1951లో అచ్చువేసినది గాంధీగారి నవజీవన్ సంస్థయే. పెదనాన్న ఆ కథలో గోరానే చూచును. నాకు అందులో పెద్దవాడు గాంధీ; మార్చవలెనన్న ఆశను అణచుకొనుట నమ్మినవానికే యెక్కువ కష్టము. ఆ కష్టమును నా బంధువులనుండి ఆశించు హక్కు నాకు లేదు. గోరా చేసిన త్యాగములలో యాటకూర పాటిదైనను నేను చేయలేదు.

కావున బంధుమిత్రులకు నా విన్నపము. గట్టుకు పిలువుడు, వచ్చెదను, వాడపల్లికి కారు తెండు, ఎక్కెదను, కరపత్రములిండు, చదివెదను. నమ్మకము మాత్రము నాయొద్ద లేదు, అడుగవలదు. నా పేర ప్రార్థన చేయదలచినవారు నిస్సంకోచముగా చేయవచ్చును. అయితే అది పులావు గిన్నె మూత తీయకముందే ముగియవలెను.