లెవెల్ పైపు చెప్పిన సంగతి

నేను 30 అడుగుల ప్లాస్టిక్ గొట్టాన్ని. మేస్త్రీలు లెవెల్ పైపంటారు. రసమట్టం తనను పెట్టిన జాగానే చూడగలదు. గదికీ గదికీ తేడా తేల్చాలంటే నేను రావాలి. గోడ అడ్డమున్నా గడప అడ్డమున్నా నాలోని నీళ్ళు రెండు కొసల్లోనూ ఒకే ఎత్తున నిలుస్తాయి. లోపల గాలిబుడగ ఇరుక్కుంటే మాత్రం నా మాట నమ్మకండి. అందుకే మా మేస్త్రీ నీళ్ళలో కాస్త నీలిమందు కలిపి, నన్ను పొడుగునా పరికించాకే పనిలోకి దిగుతాడు.

బేతంచెర్ల దగ్గర నల్లరేగడి నేల మీద ఒక పాత మిద్దె. నట్టింట్లో పరిచిన నాపరాళ్ళు కుంగాయి. అవ్వ మంచం కోడు కింద ఎప్పుడూ ఓ చెక్కముక్క. ఇల్లు కడిగితే నీళ్ళన్నీ గాదె మూలకే.

నాతో గోడల చుట్టూ గుర్తులు పెట్టి, రంగుదారంతో గీత కొట్టారు. గీత నుంచి నేలకు టేపు పట్టారు. గుమ్మం దగ్గర 36 అంగుళాలు, గాదె మూల 38న్నర.

"పైన ఇంత సిమెంటు పోసి సదును చెయ్యి నాయనా" అంది అవ్వ.

"వద్దవ్వా. కింద గుల్లగా ఉంటే ఆ బరువుకు ఇంకా దిగుతాది. బండలు లేపి చూద్దాం."

గుంట లోతు చెప్పడం వరకే నా పని. ఎందుకు పడిందో బండ లేపితేనే తెలిసింది. పందికొక్కుల బొరియలోకి కూలీ చెయ్యి మోచేతి దాకా పోయింది. ఆ పక్కనే జాలాడి తూము పగిలి, ఏళ్ళ తరబడి మట్టిలోకి నీళ్ళు కారుతున్నాయి. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని బీటలిస్తుంది. ఇంటిల్లిపాదీ ఇన్నేళ్ళూ బండలను తిట్టారు. వాటిలో ఒక్కటీ పగల్లేదు!

తూము మార్చారు. ఆ మట్టి తవ్విపోసి, గరుసు ఆరంగుళాల మందాన పోసి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టారు. దాని మీద మరో వరుస, మళ్ళీ దిమ్మిస. రెండు రోజులు ఇంట్లో ఆ చప్పుడే. తొందరపడే మేస్త్రీలు ఇక్కడే తప్పు చేస్తారు, గుంటంతా ఒక్కసారే నింపేస్తారు. తర్వాత పాత బండలే తిరిగి పరిచి, కడిగిన నీళ్ళు పోయేలా జాలాడి వైపు కొద్దిగా వాటమిచ్చారు. ఆ వాటాన్నీ నాతోనే చూసుకున్నారు.

మీ ఇంట్లో నేల కుంగితే, సిమెంటు బస్తా తెప్పించే ముందు ఒక్క బండ లేపించి చూడండి.