నేను అద్దం తుడవడానికి రాలేదు

ముందే చెప్పేస్తున్నాను, నేను సక్కర్ ఫిష్‌ని కాను. మన చెరువుల్లోనూ కాలువల్లోనూ పడి, చేపల రైతుల వలలు చింపి, దెయ్యం చేప అనిపించుకున్న ఆ దక్షిణ అమెరికా జాతికీ నాకూ ఏ చుట్టరికమూ లేదు. స్టింగ్‌రే పిల్లనీ కాను. అది నేనుండే ఇంటి పక్క ఫ్లాటాయన కనిపెట్టిన సంగతి. రెండున్నర అంగుళాలకు మించని బల్లపరుపు ఒంటితో, నలుపు మీద పసుపు గీతల అల్లికతో, రాయికి అతుక్కుని బతికే హిల్‌స్ట్రీమ్ లోచ్‌ని. పుస్తకాల్లో సెవెల్లియా లీనియోలాటా అని ఉంటుంది.

ఆ పేరుకు మన దేశంతో సంబంధం ఉంది. 1846లో ఫ్రెంచి శాస్త్రవేత్త వాలెన్సియెన్ మా జాతిని బాలిటోరా అనే ప్రజాతిలో కలిపేశాడు. 1932లో సుందర్‌లాల్ హోరా మమ్మల్ని అందులోంచి విడదీసి వేరు కాపురం పెట్టించాడు. అప్పట్లో కలకత్తాలోని జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు డైరెక్టరు సేమూర్ సెవెల్. ఆయన పేరే మాకు ఇంటిపేరైంది. వియత్నాం కొండల చేపకు కలకత్తాలో ఇంగ్లిషు ఇంటిపేరు! హోరాకు మాలాంటి వాళ్లంటే వల్లమాలిన మోజు. హిమాలయాల వాగుల్లో ఉన్నవాళ్లకూ పడమటి కనుమల వాగుల్లో ఉన్నవాళ్లకూ ఇంత పోలిక ఎలా వచ్చిందని ఆలోచించి, ఒకప్పుడు సాత్పురా కొండల మీదుగా మా దాయాదులు వలస వెళ్లారని 1949లో వాదించాడు. తర్వాతివాళ్లు చాలామంది ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోయినా, చేపలు నడిచిన దారిని కొండల్లో వెతికిన మనిషంటే నాకు గౌరవమే.

నేను పుట్టింది మధ్య వియత్నాంలో. అక్కడ అన్నమైట్ కొండలు సముద్రానికి బాగా దగ్గరగా వచ్చేస్తాయి. అందుకే ఏర్లన్నీ పొట్టివి, వాలు ఎక్కువ. రాళ్ల మీంచి దూకుతూ పోయి సముద్రంలో పడతాయి. అలాంటి నీళ్లలో ఈదడం మొదలుపెట్టినవాడు మధ్యాహ్నానికల్లా సముద్రం చూస్తాడు. మావాళ్లు ఈత తగ్గించి, అతుక్కోవడం నేర్చారు. ఛాతీ రెక్కలు పక్కలకు వెడల్పుగా పరుచుకున్నాయి. పొట్ట కింది రెక్కలు రెండూ వెనక కలిసిపోయి ఒక్కటయ్యాయి. వాటి అడుగున ఉన్న మెత్తలు రాయిని పట్టుకుంటే, పైన నీళ్లు వీపు మీదుగా జారిపోతాయి తప్ప ఒంటి అంచు కిందికి దూరే సందు దొరకదు. మిగతా చేపలు తేలడానికి వాడే గాలితిత్తి మాలో బాగా కుదించుకుపోయింది. తేలాల్సిన పనేముంది? నోరు కిందే, తిండీ కిందే.

ఆ తిండి గురించే హైదరాబాదులో ఓ అత్తాకోడళ్లకు పేచీ వచ్చింది.

అక్కడిదాకా ఎలా వచ్చానో త్వరగా చెప్పేస్తాను, గుర్తుంచుకోదగ్గ ప్రయాణం కాదు. ట్యాంకుల్లో పుట్టి పెరిగిన లోచ్‌లూ ఈ రోజుల్లో ఉన్నాయి గానీ, నన్ను వాగులోనే పట్టారు. దారిలో నీళ్లు పాడవకుండా పస్తులుంచుతారు. ఆక్సిజన్ నింపిన సంచీ, దానిపైన థర్మోకోల్ పెట్టె. చేతులు మారి చివరికి హైదరాబాదులో ఓ దుకాణంలో, కదలిక లేని వెచ్చటి నీళ్లలో తేలాను. "చిన్న సక్కర్ మేడమ్, అద్దం అంతా క్లీన్ చేస్తది, తిండి కూడా పెట్టక్కర్లేదు" అని దుకాణం కుర్రాడు నన్ను కోడలమ్మకు అప్పజెప్పాడు. అందులో ఒక్క ముక్కా నిజం కాదు. అప్పటికే నా పొట్ట లోపలికి పోయింది. కొనేవాళ్లు చూడాల్సింది రంగు కాదు, ఆ పొట్టే. అద్దానికి అతుక్కున్నప్పుడు అవతలి వైపు నుంచి చూస్తే తెలిసిపోతుంది.

కోడలమ్మ కంగారు మనిషి కాదు, అదే నన్ను బతికించింది. సంచీని కాసేపు ట్యాంకులో తేలనిచ్చి వేడి సమానం చేసింది. తర్వాత నన్ను బకెట్‌లోకి మార్చి, సన్నటి ఎయిర్ పైపుకు ముడి వేసి, సెలైన్ ఎక్కించినట్టు ట్యాంకు నీళ్లు చుక్కచుక్కగా పడనిచ్చింది. దుకాణం నీళ్లు ట్యాంకులోకి ఒక్క గ్లాసు కూడా పోనివ్వలేదు. ట్యాంకు కొత్తదీ కాదు, నెలల తరబడి గప్పీలు తిరిగినది. మా విసర్జనల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో అప్పటికే కాపురముంది. నల్లా నీళ్లు పోసే ముందు క్లోరిన్ విరగడానికి హైపో వేస్తుంది. అడుగున కూర్చిన రాళ్లలో మాత్రం ఓ షాబాదు బండ ముక్క ఉంది. అది సున్నపురాయి, నీళ్లను గట్టి చేస్తుంది. ఆవిడకు అనుమానం వచ్చి దాని మీద వెనిగర్ పోస్తే బుసబుసమంది. బయటికి తీసేసి గుండ్రటి గ్రానైట్ రాళ్లు పెట్టింది. ఊరంతా గ్రానైటే ఉన్న హైదరాబాదులో రాళ్లకు కరువా!

అన్నీ బాగున్నాయి. ట్యాంకు అద్దంలా మెరిసిపోతోంది. ఆ మెరుపే నాకు యముడైంది.

పెద్దమ్మగారిది పాడేరు వైపు. చిన్నప్పుడు గెడ్డ దాటుతూ పాకుడు మీద కాలు జారి మణికట్టు విరగ్గొట్టుకుందట. అప్పట్నుంచీ పాకుడంటే ఆవిడకు పగ. బాత్‌రూము గచ్చు, సంపు మూత, బాల్కనీ గట్టు, ఎక్కడ కనిపించినా గీకి పారేస్తుంది. పొద్దున్నే కాఫీ తాగి, కొత్త పీచు పట్టుకుని ట్యాంకులో మోచేతి దాకా చెయ్యి పెట్టి నాలుగు అద్దాలూ తోమేది. నేను ఒక మూల నుంచి ఇంకో మూలకు పాకేవాణ్ణి, ఆవిడ చెయ్యి నా వెనకే వచ్చేది.

"అత్తమ్మా, ఆ పాకుడు ఉండనివ్వండి. దాని తిండి అదే."

"ఏటీ, పాకుడా తిండి? ఇంటికొచ్చిన జీవికి పాకుడెడతారేటే? ఎవులైనా సూత్తే ఏటనుకుంటారు?"

ఆవిడ తప్పు కూడా కాదు. పాకుడంటే మనుషులకు జారుడు, మురికి. మాకు అది కలగూరగంప. నాచు ఒక్కటే కాదు, గాజు గూళ్లలో బతికే డయాటమ్‌లు, బ్యాక్టీరియా, అందులో దాక్కున్న సన్నటి పురుగులు, దోమజాతి లార్వాలు అన్నీ కలిసిన పలచని పొర. మేం శాకాహారులమని చాలామంది అనుకుంటారు. పొరలో ఏముంటే అది తింటాం. జుట్టులా పెరిగే పచ్చనాచు మాత్రం ముట్టం, కాబట్టి అద్దం తుడిపించుకోవడానికి మమ్మల్ని కొనేవాళ్లు డబ్బు దండగ చేసుకున్నట్టే. పాకుడుకు బదులుగా నాకు మునిగే బిళ్లలు, గడ్డకట్టించిన బ్లడ్‌వార్మ్‌లు, ఉడకబెట్టిన పాలకూర రెబ్బ అన్నీ వచ్చాయి. కొత్తలో వాటిని నేను తిండిగా గుర్తుపట్టలేదు. వాగులో తిండి మన దగ్గరికి వచ్చి పడదు కదా. రాత్రి పడ్డ బిళ్ల తెల్లారేసరికి ఉబ్బి, నీళ్లు పాడుచేసేది.

చివరికి అత్తాకోడళ్ల మధ్య పంపకం జరిగింది. ముందు అద్దం పెద్దమ్మగారిది, మిగతా మూడూ నావి. పైగా కోడలమ్మ బాల్కనీలో ఎండ తగిలేచోట ఓ బకెట్ పెట్టి, ట్యాంకులోంచి తీసిన నీళ్లు పోసి, అందులో రాళ్లు వేసింది. హైదరాబాదు ఎండకు వాటి మీద పాకుడు పట్టడం ఎంతసేపు! పట్టిన రాయి ట్యాంకులోకి, నేను నాకేసిన రాయి బకెట్‌లోకి. బకెట్‌లో నీళ్లు ఇగిరిపోతే పోసేది పెద్దమ్మగారే, ఆ రాళ్లను తిడుతూనే. నా పొట్ట సమంగా నిండింది ఆ రాళ్ల వల్లే.

ఎండ ఇచ్చినదాన్ని ఎండే లాక్కోబోయింది. ఏప్రిల్ దాటాక హాల్లో నీళ్లు 30 డిగ్రీలకు చేరాయి. నాకు హాయి 20 నుంచి 24 మధ్య. పైగా ఇది కేవలం ఉక్కపోత వ్యవహారం కాదు. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టుకోగలవు. 30 దగ్గర 7.5 దాకానే, అంతకు మించి పట్టవు. ఒంటికి ఆక్సిజన్ ఎక్కువ కావాల్సిన వేళకే నీళ్లలో తక్కువవుతుంది. నేను రాళ్లు వదిలేసి అద్దం పైఅంచుకు, నీటిమట్టం దగ్గరికి వచ్చి మొప్పలు టపటపలాడించేవాణ్ణి. అది చూసి పెద్దమ్మగారి కొడుకుగారు ముచ్చటపడి, "చూడు, పైకొచ్చి మనల్ని చూస్తోంది" అన్నాడు.

కోడలమ్మకు సంగతి అర్థమైంది. ట్యాంకు మూత తీసి, బదులుగా వల కప్పింది (వల లేకపోతే తడి అద్దం పట్టుకుని పైకి పాకి, అవతల నేల మీద పడి ఎండిపోయే రకం మేం), నీళ్ల మీదికి చిన్న ఫ్యాను తిప్పింది. నీళ్లు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతాయి. పొడి ఎండల్లో మూడు నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. విశాఖలోనైతే ఆ సముద్రపు తేమ గాలికి ఇంత తగ్గదు. ఈలోగా ఇంట్లో కూలర్ తెచ్చారు. మనుషులకు బాగానే ఉంది, కానీ కూలర్ గదిలో తేమ పెంచేసరికి నా ఫ్యాను పనితనం పడిపోయింది. కొడుకుగారు ఓ రోజు ఐస్ కట్టించిన సీసా ట్యాంకులో దించాడు. గంటలో నీళ్లు చల్లబడ్డాయి, సీసా కరిగాక మళ్లీ వేడెక్కాయి. అలా పైకీ కిందికీ ఆడించడం కంటే నిలకడగా 27 ఉన్నా నయమే. చివరికి ట్యాంకును ఏసీ ఉన్న గదిలోకి మార్చారు. కరెంటు బిల్లు చూసి "చేపకి ఏసీ!" అని కొడుకుగారు తల పట్టుకున్నాడు. ఒక మాట మొహమాటం లేకుండా చెబుతాను. మే నెలలో గది చల్లబరచలేనివాళ్లు మన ఊళ్లలో నన్ను కొనకూడదు. గప్పీలున్నాయి, అవి ఈ వెచ్చదనాన్ని నాకంటే బాగా తట్టుకుంటాయి.

నీళ్లు ఇగురుతుంటే ఉప్పులు మాత్రం ట్యాంకులోనే మిగిలిపోతాయి. అందుకే కోడలమ్మ ఇగిరినంత మేరా ఆర్‌ఓ నీళ్లే పోస్తుంది. వారానికోసారి కొంత నీరు మార్చేటప్పుడు మాత్రం నల్లా నీళ్లు. ఇవి మామూలు పనులు.

అసలు గొప్ప పని పంపుతో చేసింది. ట్యాంకుకు ఒక కొసన పంపు, రెండో కొసన స్పాంజి, రెండింటినీ కలుపుతూ గులకరాళ్ల కింద పీవీసీ పైపు. స్పాంజిలోంచి లాగిన నీళ్లు అడుగునుంచి వచ్చి పంపులోంచి ఎగజిమ్ముతాయి. నీళ్లు సుడులు తిరగకుండా పొడుగునా ఒకే దిక్కుకు పారతాయి. మొదటిసారి స్విచ్చి వేసినప్పుడు గప్పీలు హాహాకారాలతో మూలకు కొట్టుకుపోయాయి. వాటిని వేరే తొట్టికి తరలించారు. నేను పంపు నోటికి ఎదురుగా ఉన్న రాయి మీదికి ఎక్కి, ముక్కు ప్రవాహానికి పెట్టి, కదలకుండా కూర్చున్నాను. కదలకుండా ఉండటమే మా పరుగు. కరెంటు పోతే అంతా ఆగిపోతుంది కాబట్టి, బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి పక్కనే సిద్ధంగా ఉంటుంది.

తోడుకు గోల్డ్‌ఫిష్‌లు వేయమని దుకాణం కుర్రాడు ఉచిత సలహా ఇచ్చాడు, అవీ చల్లటి నీళ్లవేనని. అవి తినే తిండికీ వదిలే మలానికీ ఈ ట్యాంకు మూడింతలు కావాలి. కోడలమ్మ విన్లేదు, మా జాతివాళ్లనే ఇంకొందరిని తెచ్చింది. గుంపుగా ఉంటేనే మా అసలు నడవడి బయటపడుతుందని ఆవిడ ఎక్కడో చదివింది.

బయటపడింది. వచ్చినవాళ్లలో ఒకడు మగవాడు. మగవాళ్లకు భుజం దగ్గర మూల తేలుతుంది, ఆడవాళ్లకు ముక్కు నుంచి రెక్క దాకా నునుపుగా వంపు తిరుగుతుంది. వాడు వచ్చిన పూటే పంపు ఎదురుగా ఉన్న రాయి మీద కన్నేశాడు. మేం కరుచుకోం. ఒకడి మీదికొకడు ఎక్కి, రెక్కలు పరిచి, కప్పేయడానికి చూస్తాం. కింద పడినవాడు జారుకోవాలి.

పెద్దమ్మగారు ముందు అద్దం తోమడానికి వచ్చింది. పీచు చేతిలోనే ఉండిపోయింది.

"ఓలమ్మో, కోడలా! ఒకదాని మీద ఒకటి అతుక్కుపోనాయే! ఊపిరాడక సచ్చిపోతాదేమో, రా బేగి!"

కోడలమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేసరికి వాడు రాయి దిగి, పీవీసీ పైపు వెనక్కి పోయాడు. రాయి నాదే.