యూ లేని క్యూ: టీకా తాత్పర్య సహితం

మూలం: “తాతయ్యా! క్యూ వచ్చింది. యూ రాలేదు. సంచి ఖాళీ.”

అవతారిక: వేసవి సెలవుల్లో, కరెంటు పోయిన ఒకానొక మధ్యాహ్నం, చాప మీద స్క్రాబుల్ పలక పరిచి అన్నతో ఆడుతున్న మనవరాలు ఈ వ్యాఖ్యాత చెవిలో ఊదిన వాక్యమిది. గుసగుసే గానీ వంటింట్లో కోడలికి కూడా వినబడింది. ఆ గట్టితనానికి కారణం అప్పట్లో స్ఫురించలేదు.

ప్రతిపదార్థం: తాతయ్యా = నిఘంటువు తెరవకుండానే అన్నీ తెలుసునని పేరుపడిన ఓ వృద్ధుడా; క్యూ = నూరు బిళ్ళల్లో ఒక్కటే ఉండి పది పాయింట్లు చేసే అక్షరం; వచ్చింది = పిలవకుండానే నా చేతికి చిక్కింది; యూ = దాని వెంట నడవవలసిన ఒక్క పాయింటు అక్షరం; రాలేదు = ఉన్న నాలుగూ ఇతరుల మాటల్లో ఇరుక్కున్నాయి; సంచి = బిళ్ళల గుడ్డ సంచి; ఖాళీ = మార్చుకునే దారి కూడా మూసుకుపోయింది. ‘కావున ఒక మాట చెప్పి కాపాడు’ అని అధ్యాహారం.

ఇక్కడ కొందరు రసికులు ‘యూ’ అంటే ‘నీవు’ కదా, రేషన్ షాపు దగ్గర వరస వచ్చింది గాని నాయకుడు రాలేదని నాయిక విలపిస్తోంది, కనుక ఇది విప్రలంభ శృంగారం అన్నారు. పిల్ల వయసు పదకొండు. ఆ వ్యాఖ్య చెల్లదు. లిపికారుల ఆక్షేపణ వేరు. తెలుగులో ‘క్యూ’ రాయాలంటే క కింద య వత్తు పెట్టి కొమ్ముదీర్ఘం ఇవ్వాలి. యూ అందులో వత్తుగా కూర్చునే ఉండగా రాలేదనడమేమిటి? ఇది ముచ్చటైన ఆక్షేపణే గాని బిళ్ళల మీద వత్తులుండవు.

విశేషాలు: ఆట పుట్టించినవాడు అల్‌ఫ్రెడ్ బట్స్. అమెరికాలో ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం పోయిన ఆర్కిటెక్టు. పత్రికల మొదటి పేజీల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు పడిందో లెక్కబెట్టి, ‘ఈ’కి పన్నెండు బిళ్ళలు, ‘క్యూ’కి ఒక్కటి కేటాయించాడు. స్క్రాబుల్ అన్న పేరు 1948లో పెట్టారు. పని లేనివాడు అక్షరాలు లెక్కబెడుతున్నాడని ఇంట్లోవాళ్ళు అనుకునే ఉంటారు. ఈ వ్యాఖ్యాత ఇంట్లో అయితే అంటారు.

ఫలానా చోట ఫలానా అక్షరం రావాలనడం మన అవధానంలో న్యస్తాక్షరి, రాకూడదనడం నిషిద్ధాక్షరి. పృచ్ఛకుడు మొహమాటం లేకుండా అడ్డం పడతాడు, అవధాని నవ్వుతూ దాటుతాడు. 2021లో వచ్చిన వర్డిల్ అనే పదాల ఆటలో ఆకుపచ్చ గడి మొదటిది, బూడిద రంగు గడి రెండోది. పృచ్ఛకుడి కొంటెతనమొక్కటే లోపించింది.

క్యూ వెనక యూ ఎందుకుండాలి? పాత ఇంగ్లీషులో రాణిని సి, డబ్ల్యూలతో రాసేవారు. నార్మన్లు వచ్చి ఫ్రెంచి పద్ధతి అంటగట్టాక క్యూ, యూ జంట అయ్యాయి. ఆ జంటను విడగొట్టినవి బయటినుంచి వచ్చిన మాటలు. చైనా ‘చీ’ రెండక్షరాలే, క్యూ, ఐ. ఓడిపోతున్నవాడికి అది సంజీవని. మిగతావి చాలావరకు అరబ్బీవి, గొంతు లోతునుంచి పలికే ‘ఖాఫ్’ అక్షరానికి ఇంగ్లీషువాడు క్యూ వాడుకున్నాడు. హైదరాబాదు దక్కనీ దాన్ని ‘ఖ’ చేసింది. మన తెలుగు కొన్నింటిని ఆ ‘ఖ’తోనే తీసుకుంది, కొన్నింటిని ‘క’కు దించింది. బుర్ఖా, ఖవ్వాలీ, ఫకీరు. మూడూ కాలిన్స్ స్క్రాబుల్ నిఘంటువులో క్యూతో ఉన్నాయి, మూడింట్లోనూ క్యూ వెంట యూ లేదు. ఖవ్వాలీకి సరిగ్గా ఏడు బిళ్ళలు. ఒక్క దెబ్బకు అన్నీ దింపితే ఇరవై రెండుకు యాభై కలిసి డెబ్బై రెండు! లాడ్ బజారులో గాజులు బేరమాడుతూ, బోర్డులు చదువుతూ నలభై ఏళ్ళు తిరిగిన ఈ వ్యాఖ్యాతకు ఆ పూట ఒక్కటీ గుర్తుకు రాలేదు. ‘క్వీన్’ అన్నాడు. ‘క్విట్’ అన్నాడు. పిల్ల జాలిగా చూసింది.

న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచి మాట్లాడలేడు. 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. అర్థాల జోలికి పోకుండా మాటలు కంఠస్థం పట్టాడు. టీకాకారుల పొట్ట కొట్టే విద్య ఇది.

తాత్పర్యం: మూలంలో వాచ్యార్థం ఒకటి, వ్యంగ్యార్థం మరొకటి. ఆట ముగిసేసరికి చేతిలో క్యూ మిగిలితే పది పోతాయి, ఆ పదీ బిళ్ళలన్నీ దింపినవాడి ఖాతాలో పడతాయి. ఈ లెక్క తెలిసిన అన్న, చెల్లి చిక్కుకుందని చెవిన పడగానే తొందర మానేశాడు. పలక మధ్యలో ఖాళీగా ఉన్న ‘ఎ’ను మూసేద్దామనుకున్నవాడు దాన్ని వదిలేసి, మూలన తీరిగ్గా నాలుగక్షరాల మాట పెట్టుకున్నాడు. పిల్ల ఆ ‘ఎ’కు ముందు ఎన్, ఐ, క్యూ, వెనక బి పెట్టింది. నికాబ్. గులాబీ గడి మీదుగా పోయింది కనుక పదహారు రెట్టింపై ముప్పై రెండు, చేయి ఖాళీ.

“ఇది ఇంగ్లీషేనా తాతయ్యా?” అన్నాడు వాడు.

నిఘంటువు వాడికే ఇచ్చాను.